సముద్రమున దారి యెవరిది?

మాదన్నపేట మండీ త్రోవలో ఉదయకాలమున నిలిచి చూచినవారికి మన నగరపు వీథినీతి యేదో తెలియకపోదు. లారీ వచ్చిన ఆటో తొలగును; ఆటో వచ్చిన తోపుడుబండి తొలగును; తోపుడుబండి వచ్చిన పాదచారి మురుగుకాలువ ప్రక్కకు ఒదుగును. ఎవని బండి పెద్దదో, ఎవని హారను బిగ్గరగా మ్రోగునో, వానిదే దారి. దీనిని చట్టముగా ఎవరును వ్రాయలేదు. అయినను వ్రాసిన చట్టములకంటె నిష్ఠగా నడచుచున్నది. బలవంతునికి దారి యిచ్చుట లోకసహజమని మనలో పలువురు నమ్మియున్నారు.

ఈ నమ్మకమును ఖండించుటకు వేదాంతగ్రంథములు వెదుకనక్కర లేదు. పోలీసు లేనిచోట, గీతలు లేని నీటిపై, ఎదురుపడిన నౌకలు ఎట్లు నడువవలెనో లోకములోని నావికజాతులు ఏకమై వ్రాసికొన్న నియమావళి యొకటి కలదు. అది ఈ వీథినీతిని తలక్రిందులు చేసినది. ఆ నియమమునకు ప్రాణమేది, అది మన తెలుగు జాలరి ప్రాణమునకు అక్కరకు వచ్చుచున్నదా లేదా యనునదియే నేటి మా విచారణ.

“సముద్రము లేని హైదరాబాదునకు ఈ చర్చ యేల?” అని కొందరు నవ్వవచ్చును. వారికి మా ప్రత్యుత్తరము మూడు మాటలలో కలదు. మొదటిది: ఓరుగంటి నేలిన కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు లాగుకొనుచుండగా, తాను క్లుప్తమైన సుంకము దక్క మరేమియు ముట్టనని ఆయన పరదేశి వర్తకులకు మాట యిచ్చెను. నేల నడుమ కోటలో కూర్చున్న తెలుగురాజు సముద్రమున ఆపన్నుడైనవానికి న్యాయము విధించిన శాసనమది. రెండవది: ఈ పేటకు పేరిచ్చిన మాదన్న, తానాషా కొలువున మంత్రియై 1686లో హత్యకు గురియగువరకు పాలించిన రాజ్యమునకు సముద్రద్వారము మచిలీపట్నము. గోలకొండ రాజ్యపు వస్త్రములు ఆ రేవునుండియే పారశీకమునకును, ఆచే, పెగూ దేశములకును పోయినవి.

మూడవది నిన్నమొన్నటి మాట. 1984లో ‘ఎలిజబెత్’ అను విదేశనౌకను ఒక సరకు తగవు నిమిత్తము విశాఖపట్టణపు రేవున నిలిపివేయుడని ఆజ్ఞ యిచ్చినది, మాదన్నపేటకు ఎంతో దూరము కాని మూసీ యొడ్డుననున్న హైకోర్టే. “నౌకలపై అధికారము ఇంగ్లీషువారి పాత చట్టములచే కలకత్తా, బొంబాయి, మద్రాసు కోర్టులకు మాత్రమే యీయబడినది, హైదరాబాదునకు లేదు” అని నౌకాపక్షమువారు వాదించిరి. 1992లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. స్వతంత్రదేశపు న్యాయస్థానముల చేతులను వలసపాలకుల శాసనములు కట్టివేయజాలవని తేల్చెను. 2017 నాటి నౌకావివాదముల చట్టములో హైదరాబాదు హైకోర్టు పేరు స్పష్టముగా చేర్చబడినది. 2019 జనవరి నుండి ఆంధ్రప్రదేశమునకు వేరు హైకోర్టు ఏర్పడినమాట నిజమే. అయినను సముద్రము మనది కాదనువాడు ఈ చరిత్రను చదువనివాడు.

ఇక దారి మాట. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారు మన సముద్రములలోనికి వచ్చి, తమ దారిచీటీ లేనిదే ఏ ఆసియా నౌకయు తిరుగరాదనిరి. ‘కర్తాజ్’ అని దానికి పేరు. చీటీ లేని ఓడను పట్టుకొనుటయు, సరకును దోచుటయు వారికి న్యాయమయ్యెను. వారి వెనుక వచ్చిన డచ్చివారు 1606 నాటికి మచిలీపట్నమున కోఠీ పెట్టిరి. 1609లో ఆ డచ్చి పండితుడే యైన గ్రోషియసు, సముద్రము ఎవరి సొత్తును గాదని పోర్చుగీసువారిమీద గ్రంథము వ్రాసెను. గ్రంథము గొప్పదే. కాని తమ బలము పెరిగినకొలది డచ్చివారును మన ఓడలకు చీటీలు వ్రాయసాగిరి. చీటీ యిచ్చు చేయి మారెను, చీటీ మారలేదు. ఫిరంగులు గలవానిదే దారియను నీతి అప్పటిది. మన మండీ వీథినీతికి అది పెద్దన్న.

ఆ నీతి ఎప్పుడు మారెను? ఆవిరియోడలు వచ్చి, ఆ ఓడలు గల బలవంతులు తమలో తాము డీకొని మునుగసాగినప్పుడు మారెను. 1840లో లండను ట్రినిటీ హౌసువారు ఆవిరియోడలకు కొన్ని నియమములు వ్రాసిరి. 1846లో అవి బ్రిటిషు శాసనమయ్యెను. 1863లో ఇంగ్లాండు, ఫ్రాన్సు కలిసి ఒకే నియమావళిని ఏర్పరుపగా ఇతరదేశములును దానిని గైకొనెను. 1889లో వాషింగ్టనున మహాసభ జరిగెను. తుదకు 1972లో లండనున కుదిరి, 1977 జూలై 15 నుండి అమలునకు వచ్చిన నియమావళియే నేడు లోకమంతట నడచుచున్నది. భారతదేశము 1975లోనే తదనుగుణముగా నిబంధనలు చేసికొన్నది. సామ్రాజ్యాధిపతులు వ్రాసిన నియమములలో న్యాయమెట్లు దూరెనని ఆశ్చర్యపడవలదు. ఎదుట వచ్చు ఓడ తనకంటె పెద్దది కావచ్చునను భయము ప్రతి సంతకమువెనుకను కలదు. ఏ తక్కెడలో తాను తూగవలసివచ్చునో తెలియనివాడు తక్కెడను సరిగానే చేయించును.

ఆ నియమముల సారమును పాఠకులు గ్రహింతురు గాక. రెండు యంత్రనౌకలు ముఖాముఖిగా ఎదురైనచో రెండును కుడికి తిరిగి, ఒకదాని యెడమప్రక్కగా మరియొకటి పోవలెను. దారులు అడ్డముగా కలియునప్పుడు ఎదుటి నౌకను తన కుడిప్రక్కన చూచు నౌకయే తొలగవలెను. దాని ముందుగా దాటరాదు. వెనుకనుండి దాటిపోవు నౌక, అది ఎంతటి వేగముగలదైనను, తానే తప్పుకొని పోవలెను. దిక్సూచితో చూచినప్పుడు ఎదుటి నౌక కనబడు దిక్కు మారక, దూరము మాత్రము తగ్గుచున్నచో డీకొను ప్రమాదము కలదని యెంచవలెను. సందేహమున్నను ఉన్నదనియే యెంచవలెను. తొలగునది ముందుగానే, ఎదుటివానికి తెలియునంత స్పష్టముగా తొలగవలెను. తొలగనక్కరలేని నౌక తన దిక్కును, వేగమును మార్చక సాగవలెను. కాని ఎదుటివాడు తొలగినంతమాత్రమున ప్రమాదము తప్పదని తోచిన క్షణమున తానును పూనుకొనితీరవలెను. పొగమంచులో ఒకరినొకరు కానరానప్పుడు ఎవరికిని ఏ ఆధిక్యమును లేదు. ఇరువురును జాగరూకులు కావలసినదే.

ఇందలి విశేషమును గమనింపుడు. వీథిలో మనము ‘దారి నాది’ అందుము. ఈ నియమావళి ఎవరికిని దారిని సొత్తుగా పంచియీయలేదు. ఒకరికి తొలగు విధి, మరియొకరికి తిన్నగా సాగు విధి, రెండును విధులే. నియమమును పాటించితినను సాకు చూపి ప్రమాదమునకు త్రోవచూపినవానికి అది క్షమాపణ నీయదు.

మరి యీ విధులలో గురుతరమైనది ఎవరిది? యంత్రశక్తితో పోవు నౌక నాలుగింటికి దారి యీయవలెను: అదుపు తప్పిన నౌకకు, పనిచేత కట్టుబడి తిరుగలేని నౌకకు, చేపలు పట్టుచున్న పడవకు, తెరచాపతో పోవు పడవకు. తెరచాపపడవ సైతము వలవేసినవానికి తొలగవలెను. చేపలు పట్టుచున్న పడవకంటె పైమెట్టున నున్నవి అదుపు తప్పినదియు, తిరుగలేనిదియు మాత్రమే. లక్షటన్నుల నౌక, వల దింపిన చిన్నపడవను చూచి చుక్కాని త్రిప్పవలెను. ఇది పేదవానిపై దయ గాదు. యంత్రము గలవాడు తిరుగగలడు. వల దింపినవాడు తిరుగలేడు. శక్తి యెవరిదో విధియు వారిదే. ఇంతకంటె సూటియైన న్యాయసూత్రమును మేమెరుగము.

సూత్రమిట్లుండగా ఆచరణ మెట్లున్నది? 2017 జూన్ మాసమున కొచ్చి తీరమున ‘కార్మెల్ మాతా’ అను చేపలపడవను పనామా జెండా గల ‘అంబర్ ఎల్’ అను సరకునౌక తాకగా ముగ్గురు జాలరులు గతించిరి. 2021 ఏప్రిలులో మంగుళూరు తీరమునకు దూరముగా సింగపూరు నౌక ‘ఏపీఎల్ ల హావ్ర్’, కేరళనుండి బయలుదేరిన ‘రబాహ్’ అను పడవ డీకొనగా, పడవలోని 14 మందిలో ఇద్దరు మాత్రమే ప్రాణములతో బయటపడిరి. ఏ పక్షపు తప్పెంతయో తేల్చుట న్యాయస్థానముల పని. అందు మేము జోక్యము చేసికొనము. కాని నష్టము ఎట్లు పంచబడినదో చూడుడు. ప్రాణములు పోయినది ప్రతిసారియు పడవలోనివారివే. రెండుచోట్లను నౌక నిలిచియున్నది, పడవ మునిగినది.

అవి పడమటి తీరపు సంగతులని మనము ఊరటపడుటకు వీలులేదు. దాదాపు వేయి కిలోమీటర్ల ఆంధ్రతీరమున విశాఖపట్టణము, గంగవరము, కాకినాడ, కృష్ణపట్నము రేవులకు పోవు మహానౌకలును, భీమిలినుండి నిజాంపట్నమువరకు గల మన పడవలును ఒకే నీటిపై తిరుగుచున్నవి. శ్రీకాకుళపు జాలరి తన యూరనే యుండుట లేదు. కూలికై గుజరాతు వేరావలు పడవల నెక్కుచున్నాడు. 2020 జనవరిలో పాకిస్తాను చెర వీడి వాఘా సరిహద్దు దాటివచ్చిన 20 మంది ఆంధ్ర జాలరులు అట్టి పడవలలో పనిచేసినవారే. మనవాడు పడమటి సముద్రమునను కలడు, తూర్పు సముద్రమునను కలడు.

ఇచట నౌకాస్వాముల పక్షమున కొన్ని వాదములు వినవచ్చును. “పడవలకు దీపములుండవు, సరంగులు నిద్రింతురు, మేమెట్లు చూతుము?” అనునది మొదటి వాదము. ఇందు సగపాలు నిజము కలదని ఒప్పుకొందము. రాత్రివేళ లాగుడువల పడవ తెల్లదీపముపై ఆకుపచ్చదీపమును, ఇతరపు వలల పడవ తెల్లదానిపై ఎర్రదీపమును చూపవలెనని నియమము. తెడ్లతో నడచు చిన్నపడవవాడైనను, ఎదుటివానికి సకాలమున చూపుటకు ఒక లాంతరునో టార్చిలైటునో సిద్ధముగా నుంచుకొనవలెను. వల నీటిలో లేనప్పుడు ‘చేపలు పట్టుచున్నాను’ అను ఆధిక్యమును పడవ కోరజాలదు. ఇరుకు కాలువలలో పెద్దనౌకల గమనమును జాలరి అడ్డగింపరాదు. ఇవి మనవారు నేర్వవలసినవి. కాని అదే నియమావళి ప్రతి నౌకయు ఎల్లవేళల కంటితోను, చెవితోను, లభించిన సమస్తసాధనములతోను కాపలా కాయవలెననుచున్నది. చీకటిలో పడవ తప్పుచేసినదన్నంతమాత్రమున నౌకలోని కాపలాదారు కనులు మూసికొనుటకు సెలవు దొరకదు.

“పెద్దనౌకను క్షణములో ఆపజాలము” అనునది రెండవ వాదము. నిజమే, నిండుబరువుతో పోవు మహానౌక యంత్రము త్రిప్పినను కిలోమీటర్లు సాగినగాని నిలువదు. అందుకే గదా ముందుగా తొలగుమనియు, చూడగలిగినంత దూరమునకు తగిన వేగముతోనే పొమ్మనియు నియమము ఘోషించుచున్నది! ఆగుట కష్టమైనవాడు ముందుగా చూడవలెను. కష్టమును సాకుగా మార్చుట మన లారీవారి తర్కము.

“ఇప్పుడు రాడారులున్నవి, ప్రమాదము లేదు” అనునది మూడవది. 1956 జూలై 25 రాత్రి అమెరికా తీరమున ‘ఆండ్రియా డోరియా’, ‘స్టాక్‌హోమ్’ అను రెండు ప్రయాణికనౌకలు డీకొని 51 మంది మరణించిరి. రెండింటను రాడారులుండెను. ఒకటి కుడికి తిరిగెను, మరియొకటి యెడమకు తిరిగెను. మహానౌకలకే ఆ గతి పట్టగా, అలలమధ్య కొయ్యపడవ రాడారు తెరపై ఎంతగా కనబడునో ఊహింపుడు. యంత్రము చూపును పెంచును, బుద్ధిని ఈయదు.

ఇంతకంటె ఘోరమైన లోపము శిక్షావిషయమున కలదు. 1926లో ‘లోటస్’ అను ఫ్రెంచినౌక ‘బోజ్‌కుర్త్’ అను తురుష్కనౌకను బహిరంగసముద్రమున తాకగా ఎనమండుగురు తురుష్కులు చనిపోయిరి. తురుష్కదేశము ఫ్రెంచి అధికారిని పట్టి విచారించెను. ఫ్రాన్సు గోలపెట్టెను. 1927లో హేగు అంతర్జాతీయ న్యాయస్థానమున ఓట్లు సమానముగా చీలగా, అధ్యక్షుని ఓటుతో తురుష్కపక్షము నెగ్గెను. తన ప్రజను చంపినవానిని విచారించుటకు దేశమునకు అధికారము కలదని తేలెను. నౌకలు గల దేశములు దానిని సహింపలేదు. 1952లో బ్రసెల్సున ఒడంబడిక చేసికొని ఆ తీర్పును తలక్రిందులు చేసిరి. ఆ మాటయే 1982 సముద్రన్యాయ ఒడంబడికలో 97వ అధికరణమై కూర్చున్నది: బహిరంగసముద్రమున డీకొన్నచో, నౌక జెండా గల దేశమో, అధికారి పౌరుడైన దేశమో తప్ప ఇతరులు నేరవిచారణ చేయరాదు. పన్నెండు నాటికల్ మైళ్ల ప్రాదేశికజలములు దాటిన తరువాత, మన మత్స్యసంపదకై మనకు హక్కుగల రెండువందల మైళ్ల మేరయందును ఇదియే గతి. భారతదేశము 1995లో ఈ ఒడంబడికను ధ్రువపరచినది.

దీని అర్థమేమి? తీరమునకు ఇరువదిమైళ్ల దూరమున మన జాలరిని విదేశనౌక త్రొక్కివేసినచో, ఆ నౌకను పట్టి నష్టపరిహారము కోరవచ్చును. కాని దాని అధికారిని నేరస్థుడుగా నిలుపుటకు పనామా, లైబీరియా దేశముల దయకై వేచియుండవలెను. నౌకాస్వామి ఒక దేశమువాడు, అధికారి మరియొక దేశమువాడు, జెండా మాత్రము సుంకము తక్కువైన మూడవదేశపుది. ఆ జెండా క్రింద నేరము దాగును. నాటి చీటీకిని నేటి అద్దెజెండాకును భేదమేమి? చీటీ మన యోడను ఆపుటకు. జెండా మన న్యాయమును ఆపుటకు.

కావున మా కోరికలను స్పష్టముగా చెప్పుచున్నాము. ఈ నియమములు సులభమైన తెలుగులో, రంగుదీపముల బొమ్మలతో, ప్రతి రేవునను, ప్రతి పల్లెకారుల గ్రామపు పాఠశాలలోను లభింపవలెను. సరంగునకు పరీక్ష తెలుగులోనే జరుగవలెను. తన ప్రాణము ఏ వాక్యముపై ఆధారపడియున్నదో ఆ వాక్యము వానికి పరభాషలో నుండుట అన్యాయము. లక్షపడవలకు ఉపగ్రహ సంకేతయంత్రములు అమర్చుటకు కేంద్రప్రభుత్వము 2024 ఆగస్టులో 364 కోట్ల రూపాయల పథకము నారంభించినది; మంచిదే. దానితోబాటు నియమానుసారమైన దీపమునకును సహాయమీయవలెను. దీపము లేని పడవ రేవు దాటరాదు. నైరుతి సముద్రమున సరకునౌకల దారిని, పడవల మేరను వేరుచేయుచు 2020 ఆగస్టు నుండి నౌకాశాఖవారు చేసిన ఏర్పాటును ప్రతి పల్లెకును తెలియజేసి, తూర్పుతీరము పొడవునను అట్టి శ్రద్ధయే చూపవలెను. 1958 నాటి నౌకాచట్టము స్థానమున 2025లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసినది; దాని క్రింద చేయబడు నియమములలో, పడవను తాకి ఆగక పోయిన నౌకకు మన రేవుల తలుపు మూయబడవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, 97వ అధికరణమును సవరింపవలెనని భారతదేశము లోకసభలలో ఎలుగెత్తవలెను. తక్కువ సంఖ్యగల తురుష్కులు 1927లో అడిగి నెగ్గిన న్యాయమును నూటనలుబదికోట్ల జనము అడుగుటకు సంకోచమేల?

జాలరిసోదరులకును మా మనవి యొకటి. నియమము మీకు ఇచ్చిన గౌరవమును దీపము వెలిగించి నిలుపుకొనుడు. ఒకడు మేల్కొని యుండనిదే తక్కినవారు కునుకు తీయవలదు. మీరు నియమము తప్పిననాడు మీ పక్షమున వాదించువారి నోరు మూయబడును.

గణపతిదేవుడు మోటుపల్లిలో అభయమిచ్చినది తన ప్రజకు మాత్రమే కాదు, పేరెరుగని పరదేశికిని. ఏడు శతాబ్దములు దాటినపిదప, పరదేశపు నౌకనుండి మన జాలరికి ఆ అభయమునే కోరుచున్నాము. అది భిక్ష కాదు. ఆ నౌక జెండా గల దేశమే సంతకము చేసిన నియమము. దానిని అమలుపరపించుకొనుట మన ప్రభుత్వముల పని. అమలుపరచువరకు ఊరకుండకుండుట చదువనేర్చిన మన పని.